గాలం సంఘం రాసుకోని రూలు

(ఉమ్మడి గాలం సంఘం కార్యదర్శి పదవి నుంచి తప్పుకుంటున్న జయప్రకాశ్ మాస్టారికి 2007 జూలైలో ఒక ఆదివారం సాయంత్రం అనకాపల్లిలో, బెల్లం వర్తకుల కల్యాణమండపంలో సన్మానం జరిగింది. ఆ సభలో ఆయన ఇచ్చిన సమాధానం ఇది.)

సభాధ్యక్షులు, మన ఉమ్మడి గాలం సంఘం అధ్యక్షులు శ్రీ త్రినాధరావు గారికి. ఈ హాల్లో కూర్చున్న సగం మంది వేళ్ళలో దిగిన గాలాలు పీకి, కట్టు కట్టి, సూది వేసి, బజారులో మీకు చేపలు దొరకవా నాయనా అని తిట్టి పంపించిన మన ముఖ్య అతిథి డాక్టర్ రోజలిన్ గారికి. ముందు వరస పెద్దలకి. వెనక వరసల్లో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మిత్రులకి. ఆడవాళ్ళ వైపు చేతులు కట్టుకు కూర్చుని, రెండు ముక్కలు మాట్లాడి దిగిపొమ్మని ఇంటి దగ్గర నా చేత మాట తీసుకున్న నా భార్య సువార్తకి నమస్కారాలు. ఆ మాట నిలబెట్టుకోలేనేమో సువార్తా, ఇంటికెళ్ళాక నీ ఇష్టం. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన వక్తలు నన్ను చాలా పొగిడారు. నేను లేకపోతే మూడు గుంపులూ కలిసేవి కావన్నారు, ఈ జిల్లాలో గాలం వేసేవాళ్ళకి ఒక గౌరవం వచ్చిందంటే నా చలవేనన్నారు, ఒకాయనైతే నన్ను ఏకంగా శారదా నదితోనే పోల్చాడు. ఆ నదిలో ఇప్పుడు ఏమేం కలుస్తున్నాయో తెలిసి పోల్చాడో తెలియక పోల్చాడో ఆయనకే ఎరుక. (నవ్వులు) శాలువా మంచిది, బరువైనది. కానీ ఈ ఉక్కపోతలో ఇది భుజాల మీద ఉంటే నేను చెప్పవలసింది గొంతులోంచి రాదు. కాసేపు తీసి కుర్చీ మీద పెడతాను. అధ్యక్షులు మరోలా అనుకోవద్దు. అనుకున్నా ఫర్వాలేదు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, లేకపోతే మర్యాదల్లో పడి అది మరుగున పడిపోతుంది. ఈ సన్మానం అయ్యాక నేను దిగిపోయేలోపు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అజెండాలో చిట్టచివర, వందన సమర్పణకి ముందు, చిన్న అక్షరాల్లో ఉంది చూడండి. తుమ్మపాల దేముడి మీద పోలీసు ఫిర్యాదు. కొమ్ముల మడుగులో వల కోసం పాతిన గుంజలు పీకేశాడనీ, సంఘం ఆస్తికి నష్టం కలిగించాడనీ, అనకాపల్లి చుట్టుపక్కల గాలం వేసేవాళ్ళందరి తరఫునా ఈ ఫిర్యాదు ఇస్తున్నామనీ అందులో ఉంది. కార్యదర్శి సంతకం లేకపోతే అది చెల్లదు. కొత్త కార్యదర్శి వచ్చేదాకా ఆగవచ్చు కదా అంటే, లేదు మాస్టారూ, మీ చేతి మీదుగా అయితేనే నిండుగా ఉంటుందన్నారు. అందుకే ఇంత పెద్ద దండ. దేముడు ఈ హాల్లో లేడు. సభ్యత్వం ఆగిపోయినవాడు లోపలికి రాకూడదట. బయట మండపం అరుగు మీద కూర్చున్నాడు, ఇందాక నేను వచ్చేటప్పుడు పలకరించాను. లోపల ఫ్యాన్లున్నాయా మాస్టారూ అని అడిగాడు, అంతే.

ఆ "అందరి తరఫునా" అన్న మాట ఎక్కడ పుట్టిందో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి తెలియదు. అది చెప్పి, తరవాత సంతకం సంగతి చూస్తాను.

ఒకప్పుడు శారదా నదిలో ఆనకట్ట దగ్గరి కొమ్ముల మడుగు ఒడ్డున మూడు గుంపులుండేవి. ఊళ్ళో మేం కొందరం, బడిపంతుళ్ళం, గుమాస్తాలం, బెల్లం బజారులో ముద్రలు వేసేవాళ్ళం. తుమ్మపాల వాళ్ళు చెరకు రైతులు. మూడో గుంపు పరవాడ కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు, సెలవు రోజున ఒక్కో బండి మీద ముగ్గురేసి వచ్చేవాళ్ళు. ఎవరి పద్ధతి వాళ్ళది. మా ఊరి వాళ్ళది తువ్వాలు పద్ధతి. రాయి మీద తువ్వాలు పరిచి వెళ్తే, గుడికెళ్ళినా చర్చికెళ్ళినా కాఫీకెళ్ళినా, తిరిగొచ్చేదాకా ఆ చోటు మాదే. తుమ్మపాల వాళ్ళది మేత పద్ధతి. తవుడూ తెలగపిండీ ముద్దలు కట్టి రోజూ ఒకే చోట నీళ్ళలో వేసి చేపని అలవాటు చేసినవాడిదే ఆ చోటు, తువ్వాలు కాదు గదా పరుపు పరిచినా లెక్కలేదు. పరవాడ కుర్రాళ్ళకి రెండూ తెలియవు. షిఫ్టు దిగి వచ్చాం, ఖాళీ కనిపించింది, కూర్చున్నాం, అంతే.

మీరు ఊహించగలరు కదా. ఒక ఆదివారం నేను తువ్వాలు పరిచి ఆరాధనకి వెళ్ళాను. ఆ రాయి కిందే దేముడు వారం రోజులుగా మేత వేస్తున్నాడని నాకు తెలియదు. నేను తిరిగొచ్చేసరికి పోతురాజు, అదిగో ఇవాళ ఉపాధ్యక్షుడి హోదాలో వేదిక మీద కూర్చున్న మన పోతురాజే, అప్పట్లో పరవాడ కంపెనీలో హెల్పరు, నా తువ్వాలు మీదే కూర్చుని దేముడి మేతకి వచ్చిన బొచ్చె చేపను లాగుతున్నాడు. ముగ్గురం ఆ చోటు మాదంటే మాదన్నాం. మాటా మాటా పెరిగింది, పోతురాజు కర్ర వెనక్కి విసిరాడు, ఆ గాలం వెళ్ళి దేముడి చెవిలో దిగింది. ముగ్గురం ఒక్క రిక్షాలో డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఆ చెవి చూసి, మిగతా ఇద్దరిలో దీన్ని పట్టినవాడెవడు అని అడిగారు. (నవ్వులు) డాక్టరమ్మ గారు తలూపుతున్నారు, అబద్ధమైతే కాదు. చెవికి కట్టు కట్టించుకుని బయటికొచ్చాక దేముడే ముగ్గురికీ టీ చెప్పాడు. ఆ బొచ్చె ఏమైందని ఎవరూ అడగలేదు. అది మేం రిక్షా ఎక్కేటప్పుడే జారిపోయింది.

అలా కొట్టుకుంటూనే బాగానే ఉన్నాం. తరవాత ఆ మడుగుని లీజుకి ఇస్తారన్న వార్త వచ్చింది. ఒకే రోజున మూడు గుంపులూ మూడు అర్జీలు పట్టుకుని మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళాం. మా అర్జీలో తువ్వాలు హక్కు కాపాడమని రాశాం, తుమ్మపాల వాళ్ళ అర్జీలో ఊరి వాళ్ళని ఆనకట్ట దాటి రానివ్వొద్దని రాశారు, కుర్రాళ్ళ అర్జీలో మిగతా రెండు అర్జీలూ కొట్టేయమని రాశారు. ఆ ఆఫీసరు మంచివాడు, మూడూ చదివి, తన టీ మాకు పోయించి, అయ్యా, మీలో నేను మాట్లాడవలసింది ఎవరితో అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్కటై రండి, లీజు మీ పేరుకే వచ్చేలా చూస్తానని మాటిచ్చి పంపాడు.

ఆ సాయంత్రమే ఆనకట్ట దగ్గర కాసులమ్మ టీ బడ్డీలో కూర్చున్నాం. టీతోపాటు గాలానికి గుచ్చే ఎర్రలూ అమ్ముతుంది కాబట్టి అది మూడు గుంపులకీ పొత్తు చోటు. ఒక్క సంఘం పెట్టుకుందాం, ఒక్క గొంతుతో మాట్లాడదాం అని నేనన్నాను. పోతురాజు వెంటనే ఒప్పుకున్నాడు. కంపెనీలో చూస్తున్నాడు కదా. "యూనియన్ నేకపోతే గేటు కాడే ఆపేత్తారండి మాస్టారూ, మనిసికో మాట సెప్తే ఎవుడింటాడు" అన్నాడు. నిజమే. ఇవాళ్టికీ అది నిజమే. దేముడు మాత్రం ఒప్పుకోలేదు. చాలాసేపు టీ గ్లాసు చేతిలో తిప్పి తిప్పి, చివరికి ఒక్క మాటన్నాడు.

"మూడు తలకాయలుంటే కొట్టినోడు మూడు దెబ్బలు కొట్టాల మాస్టారూ. ఒక్కటి సేసేత్తే ఆడికి ఒక్క దెబ్బ సాలు."

మేమంతా నవ్వాం. నేను గట్టిగా నవ్వాను. అయినా వాడు మా మీద గౌరవం కొద్దీ వేలిముద్ర వేశాడు. అంతకు ముందు నేను చేయించిన సంతకం సాధన అంతా మరిచిపోయి వేలిముద్ర వేశాడేమని కోప్పడితే, నాకు ఇష్టం లేని కాగితం మీద నా పేరెందుకు అన్నాడు. అప్పుడైనా వినవలసింది మనం.

ఇక అధ్యక్షుడి ఎన్నిక. ఈ ముచ్చట డాక్టరమ్మ గారు వినాలి. ఊరి వాణ్ణి పెడితే మంచి చోట్లన్నీ ఊరి వాళ్ళకే పోతాయని తుమ్మపాల వాళ్ళు ఒప్పుకోరు. తుమ్మపాల వాణ్ణి పెడితే మేం ఒప్పుకోం. పరవాడ వాళ్ళని పెడదామంటే, వాళ్ళు ఆదివారం తప్ప కనపడరు. ఇలా నెలలు గడిచాయి. అప్పుడు ఎవరికో, పేరు చెప్పను, ఆయన ఇక్కడే ముందు వరసలో తల దించుకుని ఉన్నాడు, ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పక్షపాతం లేనివాడు కావాలంటే అసలు గాలం పట్టనివాణ్ణి పెడదాం అన్నాడు. చప్పట్లు కొట్టాం. వెతికి వెతికి, జీవితంలో ఏనాడూ గాలం పట్టనివాడూ, ఒడ్డున కూర్చోనివాడూ, ఇంట్లో చేప ముల్లు తీసి పెడితే గాని తిననివాడూ అయిన త్రినాధరావు గారిని ఎన్నుకున్నాం. (నవ్వులు. అధ్యక్షులు కూడా నవ్వారు) ఆయన తప్పేం లేదు. ఆయన రోడ్డు కాంట్రాక్టరు, పని తెలిసిన మనిషి, చెప్పింది చేస్తారు. మడుగు చూడమని తీసుకెళ్తే కారు దిగకుండానే ఎన్ని ఎకరాలుంటుంది అని అడిగారు. మాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. దేశం మొత్తం మీద చేపలు పట్టేవాళ్ళు తమలో తాము ఈర్ష్యపడి చేపంటే తెలియనివాణ్ణి నెత్తిన పెట్టుకున్నది మనమేనేమో.

తరవాత రూల్సు రాశాం. కాసులమ్మ బడ్డీ వెనక బెంచీల మీద ఎన్ని సాయంత్రాలు కూర్చున్నామో. తువ్వాలు ఎంతసేపు చెల్లుతుంది, వాన వస్తే చెల్లుతుందా, చేతిరుమాలు తువ్వాలు కింద లెక్కా, మేత వేసినవాడికి జ్వరం వస్తే వాడి తమ్ముడు కూర్చోవచ్చా, షిఫ్టు వాడికి ఎన్ని గంటలు, రెండు కర్రలు వేస్తే రెండు చోట్లా ఒక చోటా, ఒకటి విడిచిపెట్టలేదు. ఏ ఒక్కదాని మీద పోట్లాట జరిగిందో అది రూలు అయింది. రాసిందెవరు? రాత నాది, తలలూపింది మీరు. అచ్చు వేయించాం, పచ్చ అట్ట పుస్తకం, జేబులో పట్టేంత.

అందులో ఒక్కటి లేదు.

పురుడు నెల లేదు.

డాక్టరమ్మ గారికి తెలియదు కాబట్టి చెబుతాను. వానలు పడి శారదలోకి ఎర్ర నీరు దిగేటప్పుడు, కడుపుతో ఉన్న చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది. ఎక్కేముందు కొమ్ముల మడుగులో ఆగుతుంది. ఆ నెల రోజులూ ఊరి వాడు గాని, తుమ్మపాల వాడు గాని, పరవాడ వాడు గాని, ఒక్కడు మడుగులో గాలం వేయడు. మరిచిపోయి వేస్తే, చేప చేతికొచ్చి, కడుపు ఉబ్బుగా కనిపిస్తే, గాలం మెల్లగా తీసి నీళ్ళలో వదిలేస్తాడు. ఇంటికి తీసుకెళ్ళినా ఆడవాళ్ళు వండరు. మా సువార్త ఒకసారి నా ముఖం ముందే గిన్నె బోర్లించి పెట్టి, నీకు ముగ్గురు పిల్లల్ని కని పెట్టినదాన్ని అడుగుతున్నా, దీన్ని ఎలా కోయమంటావు అని నిలదీసింది. ఎవరు నేర్పారో తెలియదు. పొద్దస్తమానం కొట్టుకునే మూడు గుంపులకీ నేర్పినవాళ్ళు ఒకరే అయి ఉంటారు. చెవుల్లో గాలాలు దింపుకున్న రోజుల్లో కూడా దీని మీద మాత్రం మాటా మాటా రాలేదు. రాలేదు కాబట్టే పుస్తకంలోకి ఎక్కలేదు. పేచీ ఉన్నవన్నీ రాసుకున్నాం, పేచీ లేనిది ఒక్కటే ఉంది, దాన్ని ఎవడైనా రాస్తాడా అనుకున్నాం. అన్నం తినాలని ఎవడైనా రూలు రాస్తాడా?

సరే, ఒక్క సంఘం అయ్యాం కాబట్టి ఆఫీసరుగారు మాటిచ్చినట్టే మడుగు లీజు మన పేరుకే వచ్చింది. ఆ రోజు లడ్డూలు పంచాం. దేముడు కూడా తిన్నాడు, ఓడిపోయానని ఒప్పుకున్నాడు కూడా. నేను ఆ రాత్రి నిద్ర పట్టక మంచం మీద దొర్లుతుంటే, ఏదో దేశం గెలిచినట్టు అయిపోతున్నావేమిటి పడుకో అని మా ఆవిడ కేకలేసింది. దేశం గెలిచినట్టే అనిపించింది నాకు.

నెల తిరక్కుండా సంఘానికి సొంత భవనం ఉండాలన్నారు అధ్యక్షులు. ఉండాలి, కాదనను. దానికయ్యే డబ్బు కోసం మడుగుని వల వేసుకునేవాడొకడికి వేలంపాటకి ఇద్దామన్నారు. గాలం వాళ్ళ సంఘం వలవాడికి మడుగు ఇవ్వడమేమిటని ఒకరిద్దరు గొణిగారు. ఏడాదికి ఒక్క నెలే కదా, మిగతా రోజులన్నీ మీవేనన్నారు. అదీ బాగానే ఉందనిపించింది కమిటీలో అందరికీ. పోతురాజు సరే అన్నాడు. ఆ వేళ నాకు జ్వరం, నేను వెళ్ళలేదు. వెళ్ళినా సరే అనేవాణ్ణేమో, ఇప్పుడు గొప్పలు చెప్పుకోవడం దేనికి. ఏ నెల అని మాత్రం ఎవరూ అడగలేదు. వలవాడు పిచ్చివాడా? చేపంతా ఒక్కచోట చేరే నెల ఏదో వాడికి తెలుసు. ఈ నెలే అడిగాడు.

గుంజలు దింపుతున్నారని కబురొచ్చిన రోజు నేను అధ్యక్షుల ఇంటికి పరుగెత్తాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, పెరుగన్నం తింటూ అంతా విన్నారు. విని, లోపలికెళ్ళి చేయి కడుక్కొచ్చి, పచ్చ అట్ట పుస్తకం నా చేతిలో పెట్టి, ఎక్కడుందో చూపించండి మాస్టారూ అన్నారు. "మీరే రాసేరు గదండీ. ఇందల ఏ రూలుందో సూపించండి, రేపే గుంజలు తీయించేత్తాను." ఆయన వెటకారం ఆడలేదు. నిజంగానే అడిగారు. చూపిస్తే నిజంగానే తీయించేవారు కూడా. త్రినాధరావు గారూ, మీ మీద నాకు కోపం లేదండీ. చేతిరుమాలు గురించి పేజీ ఉంది, కడుపు చేప గురించి అక్షరం లేదు. ఆ పుస్తకం పట్టుకుని మీ గుమ్మంలో నిలబడ్డప్పుడు నాకు పట్టిన సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పట్టలేదు.

అక్కణ్ణుంచి మీ ఇళ్ళకి వచ్చాను. గుర్తుందా? గుర్తులేనట్టు చూడకండి. ఒక్కొక్కరి గుమ్మం ఎక్కాను. అందరూ అయ్యో అన్నారు, అన్యాయమన్నారు, కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. మరి ఏం చేద్దామంటే, సంఘం ఉంది కదా మాస్టారూ, సంఘం చూసుకుంటుంది అన్నారు. నేను సంఘం కార్యదర్శిని! సంఘమే మీ గుమ్మంలో నిలబడి అడుగుతుంటే సంఘం చూసుకుంటుందంటారేమిటయ్యా? ఒకప్పుడు తువ్వాలు జానెడు జరిపితే కర్ర పట్టుకుని లేచిన మనుషులే మీరు. మూడు గుంపులుగా ఉన్నప్పుడు వలవాడు ఆ ఒడ్డున కాలు పెట్టగలిగేవాడా? పెడితే ఊరి వాళ్ళు తిట్టేవాళ్ళు, తుమ్మపాల వాళ్ళు తన్నేవాళ్ళు, మిగిలింది కుర్రాళ్ళు చూసుకునేవాళ్ళు. పోతురాజూ, నీ ఇంటికీ వచ్చాను. కమిటీలో సరే అన్నాక ఇప్పుడు ఎదురు తిరిగితే క్రమశిక్షణ ఏముంటుందన్నావు. నీ బొచ్చె తప్పిపోయిన రోజున నీకు లేదయ్యా క్రమశిక్షణ, ఉన్న రోజుల కంటే ఆ రోజే నువ్వు నాకు నచ్చావు. (సభలో కలకలం) కూర్చోండి, కూర్చోండి. అయిపోవచ్చింది.

దేముడొక్కడే అయ్యో అనలేదు. నేను చెప్పినదంతా విని, ఏ పొద్దున్న వెళ్దాం అన్నాడు.

ఆ తరవాతిది మీకు తెలుసు, సగం తెలుసు. మొన్న గురువారం తెల్లవారేసరికి గుంజలన్నీ ఒడ్డున పడున్నాయి. కాపలావాడు దూరం నుంచి చీలిన చెవి చూసి దేముణ్ణి గుర్తుపట్టానన్నాడు. ఆ చెవి మా చలవే. శనివారానికల్లా వాడి సభ్యత్వం ఆగిపోయింది, ఫిర్యాదు టైపయింది. ఇంత చురుగ్గా మన సంఘం ఏ పనీ చేయలేదు. ఆ చేతిరుమాలు రూలుకే మూడు మీటింగులు పట్టాయి.

ఇందాక ఒక వక్త నన్నొక మాట అడిగాడు, సన్మానసభలో అడగకూడని మాటే అయినా అడిగాడు. గాలం వాళ్ళంతా ఒక్క సంఘం కింద ఉండాలా, ఎవరికి వాళ్ళుగా ఉండాలా, మీ అనుభవంతో చెప్పండి అన్నాడు. రేపు విశాఖ వాళ్ళూ విజయనగరం వాళ్ళూ మనతో కలుస్తారట, పెద్ద సంఘం అవుతుందట. చెబుతున్నాను వినండి. విడివిడిగా ఉంటే ఆఫీసులో మనకి కుర్చీ వేసేవాడుండడు, ఆ అవమానం నేను పడ్డాను. పోతురాజు చెప్పింది నిజం. కలిస్తే మనందరి బదులు ఒక్కడు సంతకం పెడితే సరిపోతుంది. దేముడు చెప్పిందీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య నాకు తల బద్దలవుతోంది, ఇప్పటికీ తేలలేదు. ఒక్కటి మాత్రం తేలింది. కలవండి, వద్దనను. కలిసినందువల్ల ఇక మన కాళ్ళు తడవక్కర్లేదనుకుంటే మాత్రం, ఆ సంఘం మనది కాదు, అది ఎవడి జేబులో ఉంటే వాడిది.

నాకు టైమైపోయిందని అధ్యక్షులు చీటీ పంపారు. సరే, సంతకం సంగతి.

(కాగితం తీసి చూపిస్తూ) ఫిర్యాదు ఇదే. ఇందులో ఒక అబద్ధం ఉంది. అబద్ధం మీద సంతకం పెట్టమంటే నా వల్ల కాదు, పిల్లలకి పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. గుంజలు దేముడొక్కడే పీకాడని రాశారు. ఆ గుంజలు మీరు చూశారా? తాటి దూలాల్లాంటివి, మెడ లోతు నీళ్ళలో, బురదలోకి మనిషంత దిగి ఉన్నాయి. వాడికి అరవై దాటాయి. ఒక్కడి వల్ల అవుతుందా? కాపలావాడికి చెవి కనిపించింది గాని పక్కన నా బట్టతల కనిపించలేదు. (సభలో కలకలం) సువార్తా, నువ్వు లేవకు. చర్చిలో పైపు పగిలి తడిశానని చెప్పింది అబద్ధమే, నువ్వు నమ్మలేదని కూడా తెలుసు.

చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే వాడు నవ్వాడు. "ఊపండి మాస్టారూ. మీరు రూల్సు రాసేతప్పుడు బాగా ఊగేరు గదా" అన్నాడు. చివరి గుంజ ఊడినప్పుడు ఇద్దరం వెల్లకిలా నీళ్ళలో పడ్డాం. లేచి నిలబడ్డాక నా తొడలకి ఏదో తగిలి, ముందుకి పోయింది. తరవాత ఇంకొకటి. బరువుగా, తొందరేమీ లేకుండా, మమ్మల్ని తోసుకుంటూ ఎగువకి వెళ్ళాయి. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం. దేముడు చేతులు జోడించాడు, నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఈ వేదిక మీద చెప్పలేను. రేపు పొద్దున్న మళ్ళీ గుంజలు పాతుతారని విన్నాను. ఈ మూడు రోజుల్లో వెళ్ళినవి వెళ్ళాయి.

ఈ ఫిర్యాదులో ముద్దాయిలు అన్నచోట ఒక్క పేరు టైపు చేసి, కింద అర పేజీ ఖాళీ వదిలారు. ఇందాక మీరంతా నన్ను పొగుడుతున్నప్పుడు నేను తల వంచుకుని రాసుకుంటుంటే, ప్రసంగం రాసుకుంటున్నానని అనుకుని ఉంటారు. కాదు. రెండో పేరు రాశాను. జయప్రకాశ్, విశ్రాంత ఉపాధ్యాయుడు, అనకాపల్లి. కింద కార్యదర్శి అన్నచోట సంతకం కూడా పెట్టేశాను. మన రూలు ప్రకారం ఇప్పుడిది చెల్లుతుంది, అందరి తరఫునా. అధ్యక్షా, ఇదిగో తీసుకోండి.

అధ్యక్షులకి, డాక్టరమ్మ గారికి, నన్ను ఇన్నేళ్ళు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. శాలువా కుర్చీ మీద ఉంది, తరవాత వచ్చేవాడికి కప్పండి. నేను వెళ్ళి బయట అరుగు మీద కూర్చుంటాను, అక్కడ గాలి బాగానే వస్తోంది. ఆ కాగితంలో నా పేరు కింద ఇంకా నాలుగైదు పేర్లకి చోటు మిగిలింది. నా పెన్ను ఈ బల్ల మీదే వదిలి వెళ్తున్నాను.

సెలవు.